మాట వినపడే మిషను

కరెంటు పోయింది, పోతే పోయింది, నాకో గంట దొరికింది, ఆ గంట ఎవరు పంపించారో గానీ వాళ్లకి నా దండం, ఎందుకంటే కరెంటు ఉండి ఉంటే, మిషనన్నాక అరవదా అని సరిపెట్టుకుని, నేనీపాటికి ఆ మూలనున్న బుల్లి మిషను చంకలో పెట్టుకుని బస్సెక్కేసి ఉండేవాణ్ణి. ఎర్రగా ముద్దుగా ఉంది, షాపులో అన్నిటికంటే చవక, ఒంటిచేత్తో లేస్తోంది, మా ఆవిడ కూడా లేపగలదు, ఇంకేం కావాలి అనుకున్నాను. షాపాయన ప్లగ్గు పెట్టి చూపిస్తానని వంగాడు, ఫ్యాను ఆగింది, లైట్లు ఆరాయి, వీధి చివర వెల్డింగు చప్పుడు కూడా ఆగిపోయింది. "గంట పడుతుంది బాబాయ్, వైర్లు మారుస్తున్నారంట. కూర్చుంటారా, వెళ్లొస్తారా?" అన్నాడు నడుం పట్టుకుని లేస్తూ. కూర్చుంటానన్నాను. వెళ్లొస్తే మళ్లీ వస్తానన్న నమ్మకం నాకే లేదు. ఇంట్లో జుట్టు కత్తిరించుకోడానికి వెళ్తున్నానని చెప్పి వచ్చాను, నా తల మీద ఉన్న జుట్టుకి గంటెందుకు, మంగలి ఊదితే చాలు, ఆవిడ ఒక్క చూపు చూసి సరే వెళ్లిరండి అంది, అడగలేదు, నా అబద్ధాలన్నీ అలాగే అడక్కుండా లోపల పెట్టుకుంటుంది, ఎక్కడ పెట్టుకుంటుందో ఆ మనిషి, పెద్ద గోడౌనే ఉండుండాలి.

ఒళ్లో సంచి, సంచిలో ఆవిడ సగం రుద్దిన పిడి. చేతికర్ర పిడి. మేం చేసేవి అవే, నేనూ ఆవిడా, ఇంటి వెనకాల రేకుల షెడ్డులో. ఆసుపత్రి ఎదురుగా మందుల షాపు వాళ్లు కర్రలు తెచ్చి పడేస్తారు, పిడులు మావి. నేను రంపంతో కోసి ఆకురాయితో వంపు తిప్పి ఇస్తాను, ఉప్పు కాగితం పెట్టి రుద్ది నున్నగా చేసేది ఆవిడ, ముందు గరుకు కాగితం, తర్వాత సన్నం, ఆఖర్న అరిగిపోయి పనికిరాదనుకున్న ముక్కతో. అయిందో లేదో చూసే పద్ధతి మాత్రం ఆవిడదే, ఎక్కడా చూళ్లేదు నేను. పిడిని కర్రకి తగిలించి, కళ్లు సగం మూసుకుని, కాలు నొప్పున్న మనిషిలా కుంటుకుంటూ గేటు దాకా నడిచి వస్తుంది. అరచేతిలో ఎక్కడ గుచ్చుకుంటే అక్కడ మళ్లీ రుద్దుతుంది. ఒకరోజు కుడికాలు కుంటుతుంది, ఒకరోజు ఎడమకాలు, ఎదురింట్లో కొత్తగా దిగిన పిల్ల పాపం గేటు దగ్గర ఆపి "అత్తయ్యగారూ, నిన్న ఈ కాలు కదా" అని అడిగింది. "దానికి తగ్గింది, దీనికి వచ్చింది" అని లోపలికొచ్చి నవ్వలేక చచ్చింది. ఆవిడ నవ్వితే షెడ్డు రేకులు కూడా కదుల్తాయి, ఇది కోత కాదు, కావాలంటే వచ్చి చూసుకోండి, మేకులు ఊడి ఉంటాయి.

షాపులో గ్రీజు వాసన, కొత్త అట్టపెట్టెల వాసన, బయట ఎండ గడప దాకా వచ్చి ఆగింది, లోపలికి రమ్మని ఎవరన్నా పిలుస్తారేమోనని చూస్తున్నట్టు. పిడిని తీసి ఆ ఎండలోకి చాపాను. గీతలు కనపడుతున్నాయి, సన్నగా, జుట్టు కంటే సన్నగా, అన్నీ ఎడమవైపుకి వాలి ఉన్నాయి. ఇలాగే ఆవేళ షెడ్డు గుమ్మంలో చూశాను. కుడిచేత్తో రుద్దితే గీత కుడివైపుకి వాలుతుంది, ఇన్నేళ్లూ అటే వాలింది, ఇదేంటి ఎడమకి వాలింది అనుకుని ఇంకోటి తీశాను, అదీ అంతే, బుట్టంతా తిరగేశాను, అన్నీ అంతే, తల తిప్పి చూద్దును కదా ఆవిడ ఎడమచేత్తో రుద్దుతోంది, కుడిచెయ్యి కొంగులో దాచుకుంది. ఏదీ చెయ్యి అన్నాను. ఏం లేదంది. ఏం లేకపోతే చూపించు అన్నాను. బొటనవేలి మొదట్లో వాపు, చిన్న నిమ్మకాయంత, ముట్టుకుంటే ఉలిక్కిపడింది. ఆసుపత్రికి లాక్కెళ్తే డాక్టరమ్మ ఎముక ఫొటో తీసి, వేలికి పట్టీ కట్టి, "ఈ వేలు చెయ్యాల్సిందానికంటే ఎక్కువే చేసిందమ్మా, ఇక రుద్దుడు పని దీంతో పెట్టుకోవద్దు" అంది. ఈవిడ ఏమందో తెలుసా, "రెండోది ఉంది కదండీ" అంది. డాక్టరమ్మ నా వైపు చూసింది, నేను గోడమీది ఎముకల బొమ్మ వైపు చూశాను. అంతమంది మనుషులు మా పిడులు పట్టుకుని నడుస్తున్నారు, బజారుకి పోతున్నారు, మెట్లెక్కుతున్నారు, ఆ నడకంతా ఈ ఒక్క వేలు మీదుగా పోయిందే అనిపించింది, దానికి ఎవరు చెప్పాలి థాంక్స్, చెప్పినా ఆవిడ ఊరుకోదు, ఏంటీ కొత్తగా అంటుంది.

అసలు ఈ పిడుల గొడవ కూడా ఆవిడ పెట్టిందే. కళ్లు మందగించి లారీ స్టీరింగు నా చేతిలోంచి తీసేసుకున్నాక నేను గాలి తీసిన టైరులా వరండాలో పడి ఉండేవాణ్ణి, వచ్చేపోయే వాళ్లని పిలిచి కోతలు కోసేవాణ్ణి, మిరపకాయల లోడు వేసుకుని ఘాటు రోడ్డు ఎక్కుతుంటే పట్టా ఊడి నేనూ క్లీనరూ తుమ్మిన తుమ్ములకి లారీ గేరు మార్చకుండానే కొండెక్కేసిందని, దిగేటప్పుడు తుమ్మాపుకోలేక రివర్సులో మళ్లీ పైకి వచ్చామని. మొదట్లో విన్నారు, తర్వాత మా గేటు దగ్గర అందరికీ అర్జెంటు పనులు గుర్తొచ్చేవి. అప్పుడొకరోజు ఆవిడ వాళ్ల పెద్దమ్మ చేతికర్ర తెచ్చి నా ఒళ్లో పడేసింది, పిడి విరిగింది. "ఊరికే కూర్చుని అబద్ధాలు చెప్పే బదులు చేతిలో ఏదో ఒకటి పెట్టుకుని చెప్పండి, నేను వింటాను" అంది. వింటానంది చూశారా, ఆ మాట. నాకు బతుకు ఇచ్చింది చెక్కా కాదు రంపమూ కాదు, ఆ మాటే. ఆవిడ స్టూలు వేసుకుని ఉప్పు కాగితం పట్టుకుని కూర్చునేది, పని ఉంది కాబట్టి కూర్చున్నాను, మీ కబుర్ల కోసం కాదు అన్నట్టు మొహం పెట్టి. పొగమంచు గడ్డ కట్టి రోడ్డుకి అడ్డంగా పడితే రంపంతో కోసి పక్కకి పేర్చి వచ్చానని చెప్తే, కాగితం ఒక్క క్షణం ఆపి, "పోయినసారి గడ్డపార అన్నారు" అనేది. నా అబద్ధాలకి ఇంత మర్యాద ఇచ్చిన మనిషి లోకంలో ఇంకొకరు లేరు, అందరూ నమ్మేవాళ్లో నమ్మనివాళ్లో, ఈవిడ ఒక్కతే గుర్తుపెట్టుకుంది.

ఇప్పుడు స్టూలు ఖాళీ. పట్టీ కట్టిన దగ్గర్నుంచి ఆవిడ షెడ్డులోకి రావడం లేదు. రమ్మంటే, "పనిచేసే వాళ్ల మధ్య పనిలేని దాన్ని నేనెందుకు, దిష్టిబొమ్మలాగా" అంది, లోపల గిన్నెలు ఉన్నచోటి నుంచి తీసి ఇంకోచోట పెడుతూ ఉంటుంది, మధ్యాహ్నం దాటాక వాటిని మళ్లీ మొదటిచోట పెడుతుంది. నేను షెడ్డులో ఒక్కణ్ణే రుద్దుతాను, ఒక అబద్ధం మంచిది, బలే మంచిది, నోటిదాకా వస్తుంది, తల తిప్పితే స్టూలు. మింగేస్తాను. మింగి మింగి కడుపుబ్బరం. అందుకే మిషను. రుద్దుడు అది చేస్తే, ఆవిడ పట్టుకుని చూసి, నడిచి చూసి, ఇది అయింది ఇది కాలేదు అంటే చాలు కదా, అది ఎడమచేత్తో కూడా అవుతుంది కదా. అని బయల్దేరాను. బస్సులో సగం దారిలో భయం పట్టుకుంది. మిషను చప్పుడు చేస్తుంది. ఆ చప్పుట్లో నా మాట ఆవిడకి వినపడదు, ఆవిడ గడపలో నిలబడి చెవులు మూసుకుని లోపలికి పోతుంది, ఇక అంతే, నాకు మిషనూ మిషనుకి నేనూ. చెయ్యి కాపాడబోయి మనిషిని పోగొట్టుకుంటానేమో. ఈ షాపుకి వచ్చే వాళ్లందరూ ఎంత పవరు, ఎంత స్పీడు అని అడుగుతారంట, నేను మాత్రం వచ్చీ రాగానే "బాబూ, దీని పక్కన కూర్చుని మాట్లాడితే వినపడుతుందా?" అన్నాను, షాపాయన నన్ను కిందనుంచి పైకి చూశాడు.

మూడున్నాయి. పెద్దది ఇనపది, రాజుగారి సింహాసనంలా ఉంది, ధర చూసి కళ్లజోడు తుడుచుకున్నాను, తుడిచినా అదే ధర. దానికో నమస్కారం పెట్టాను. తర్వాత ఎర్రపిల్ల, చవకది. మధ్యలో ఒకటి, బూడిదరంగు, అందం చందం లేదు, ఒక పక్క ఉప్పు కాగితం పట్టీ బెల్టులా తిరుగుతుంది, రెండో పక్క గుండ్రటి పళ్లెం తిరుగుతుంది, ధర ఎర్రదానికంటే కొంచెం ఎక్కువ, మనకి అందేదే. కరెంటు లేకపోతేనేం, లారీ నడిపిన చెవులు నావి, బెల్టుని చేత్తో తిప్పి మోటారుకి చెవి ఆనించి విన్నాను. పళ్లెం ముందు చిన్న బల్ల ఉంది, వేలి కణుపుతో కొట్టి చూశాను, ఊగలేదు. ఎర్రదాని బల్ల పాలపన్నులా కదిలింది. బెల్టు మలుపు తిరిగే గుండ్రటి కొస మీద పిడి లోపలి వంపు ఆనించాను, అచ్చం దానికోసమే చేసినట్టు కూర్చుంది. దుమ్ము పోయే గొట్టం నోరు చూశాను, ఇంట్లో ఉన్న దుమ్ము పీల్చే మిషను గొట్టం పడుతుంది, ఆవిడకి దుమ్ము పడదు, ఇదొకటి. అన్నీ చూశాను, ఇంక చూడాల్సింది చప్పుడొక్కటే, దాన్ని కరెంటు రాకుండా చూళ్లేను. అయినా దాని ముందు స్టూలు వేసుకుని, చేతిలో పిడి పట్టుకుని, ఎంత గట్టిగా మాట్లాడాల్సి వస్తుందో చూద్దామని మొదలుపెట్టాను, ఒకసారేమైందంటే, అని.

"అన్నయ్యగారూ, కరెంటు లేదు, దానికి వినపడదు" అంది బిల్లులు రాసే ఆవిడ. షాపాయనకి అక్క, కౌంటరు వెనకాల అట్టముక్కతో విసురుకుంటోంది.

"దానికి కాదమ్మా, దాని పక్కన కూర్చునే మనిషికి."

"ఎవరా మనిషి?"

"మా ఆవిడ."

వాళ్లక్క విసురుకోవడం ఆపింది. కాసేపు నన్ను చూసి, "ఒరేయ్, ఆ ఎర్రది అంటగట్టకు ఈయనకి, నిజం చెప్పు" అంది తమ్ముడితో.

"నేనేం అంటగట్టాను, ఆయనే ముద్దుపెట్టుకుంటున్నాడు దాన్ని" అని షాపాయన నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. "చూడండి బాబాయ్. ఎర్రదాంట్లో మోటారు చిన్నది, లోపల కార్బన్ ముక్కలు రాసుకుంటూ తిరుగుతుంది, అందుకే తేలిక, అందుకే అరుస్తుంది. దీంట్లో రాసుకునేదేం లేదు, ఫ్యాను మోటారు లాంటిదే, కాకపోతే బరువు. బెల్టులు కూడా ఏ షాపులోనైనా దొరికే కొలత. చెక్క ఆనించినప్పుడు చప్పుడు దేనికైనా ఉంటుంది, అది మాత్రం నేను తగ్గించలేను."

బరువుంటే నోరు తక్కువ, తేలికైతే నోరెక్కువ, మనుషుల్లో నేను ఏ రకమో వెంటనే తెలిసిపోయింది. తేలిక కదా ఆవిడ లేపుతుంది అనుకున్నాను, లేపడమెందుకు, పెట్టినచోట ఉండేదాన్ని ఎవరు లేపుతారు, లారీని ఎప్పుడన్నా లేపి చూశానా. కరెంటు పోబట్టి తెలిసింది. ఇలాంటి గంటలే నన్ను కాచాయి ఎప్పుడూ, ఒకసారి టైరు పంక్చరై రోడ్డు పక్కన ఆగిపోతే, ఎవరింటి ముందో, నీళ్లడిగితే చెంబుతో తెచ్చిచ్చిన అమ్మాయి, "ఇంత లారీకి ఒక్క మేకా?" అని నవ్విన అమ్మాయి, మేకు కాదు, పులి కొరికింది అన్నాను, "పళ్లు ఏవీ?" అంది, టైరు చుట్టూ తిరిగి నిజంగా వెతికింది. ఆ పంక్చరు వేసినవాడు అయిపోయింది, ఇక బయల్దేరు అన్నాడు, నేనే ఇంకో టైరు కూడా అనుమానంగా ఉంది చూడు అన్నాను. ఆ వెతకడం ఇంకా ఆపలేదు ఆవిడ. నేనేం చేశానని ఇదంతా నాకు, ఏ తూకంలో వేసినా నా వైపు పైకి లేచిపోతుంది, ఆవిడ వైపు నేలకి ఆనుతుంది.

ఫ్యాను కదిలింది. ముందు మెల్లగా, గుర్తులేనట్టు, తర్వాత గబగబా. షాపాయన ఎర్రదానికి ప్లగ్గు పెట్టి నొక్కాడు, అబ్బ, పిల్లిని తలుపు సందులో పెట్టినట్టు అరిచింది, ఎదురుగా ఉన్న వాళ్లక్క నోరు కదులుతోంది, మాట లేదు. ఆపేయించాను. బూడిదరంగుది నొక్కాడు. గుర్రుమంది, అంతే, మా మావయ్య నిద్రలో తీసేంత గురక. పిడి ఆనించాను. బర్రుమంది, గురక మీద బర్రు. ఇప్పుడు చూడాలి. ఎలా చూడాలి, ఇక్కడ నా మాట వినేది నాకు తెలియని చెవులు, వీళ్లకి వినపడితే ఏం లాభం. జేబులోంచి ఫోను తీసి ఇంటికి కొట్టాను, స్పీకరు పెట్టి మిషను పక్కన బల్ల మీద పెట్టాను.

"ఏంటండీ ఆ చప్పుడు? మంగలి షాపేనా?" అంది.

"మిషను. పిడులు రుద్దే మిషను. నీ వేలికి సెలవిద్దామని."

బెల్టు తిరుగుతోంది. షాపాయన ఫోను వైపు చూశాడు, వాళ్లక్క అట్టముక్క కింద పెట్టేసింది.

"అయితే నేనేం చెయ్యాలి ఇంక, టీవీ చూసుకుంటూ కూర్చోవాలా?" అంది, గొంతు మామూలుగానే ఉంది, మరీ మామూలుగా ఉంది.

"నువ్వు వినాలి" అన్నాను. "అయిందో లేదో పట్టుకుని చెప్పాలి, గేటు దాకా కుంటాలి, వినాలి. ఇది తిరుగుతుంటే నా మాట నీకు వినపడితేనే కొంటాను, లేకపోతే ఇక్కడే వదిలేసి వస్తాను. నాకు మిషను అక్కర్లేదు."

అవతల ముక్కు చీదిన చప్పుడు. "ఏదీ, చెప్పండి చూద్దాం" అంది.

పిడి ఆనించి మొదలుపెట్టాను. అద్దాల లోడు, పట్టా కప్పకుండా, నిలువుటద్దాలు, కొండ పక్క రోడ్డు. కొండకి అవతల ఊరికి పగలంతా నీడే, నా అద్దాల ఎండ వెళ్లి ఆ ఊరి మీద పడింది, మధ్యాహ్నం కునుకు తీస్తున్న కోళ్లన్నీ లేచి కూశాయి, జనం తెల్లారిందనుకుని లేచి పళ్లు తోముకున్నారు, బడి గంట కొట్టేశారు...

"గట్టిగా నొక్కకండి, చప్పుడు కుంగుతోంది" అంది. "చెక్క మాడుతుంది. తర్వాత?"

చెయ్యి వదులు చేశాను, చప్పుడు తేలింది. పిడిని తిప్పి చూస్తే అంచు నిజంగానే కమలబోయి ఆగింది. షాపాయన నోరు తెరుచుకుని ఫోను వైపే చూస్తున్నాడు. తర్వాత ఏముందీ, ఊరంతా మర్నాటిలోకి వెళ్లిపోయింది, ఒక్క రోజు ముందు ఉంది లోకం కంటే, మళ్లీ సాయంత్రమయ్యేసరికి తెలిసింది, ఒక రోజు ఎక్కువైందని, ఏం చెయ్యాలో ఎవరికీ తెలీలేదు, ఊరి పెద్దలు కూర్చుని ఈ రోజు మాది కాదు, మాకొద్దు, నువ్వే తెచ్చావు, నువ్వే పట్టుకుపో అన్నారు, తాళ్లతో కట్టి లారీలో వేసుకున్నాను.

షాపాయన మిషను ఆపి ప్యాకు చేద్దామని స్విచ్చు మీద వేలు పెట్టాడు. వాళ్లక్క కౌంటరు మీదుగా వంగి ఆ వేలి మీద ఒక్కటేసింది, "ఉండరా, చెప్పనీ."

"ఆ రోజు మరి ఇంటికి తేలేదే? నాకెప్పుడూ కనపళ్లేదు" అంది ఫోన్లోంచి ఆవిడ.

"తెచ్చాను" అన్నాను. "ఇదిగో, ఇప్పుడు వాడుకుంటున్నాం, నువ్వూ నేనూ."

ఆవిడ చేతిలో గిన్నె కింద పెట్టేసింది. పెట్టిన చప్పుడు కూడా ఆ బర్రులో నాకు స్పష్టంగా వినపడింది.

"అయితే ఆ రోజు అయిపోకముందే ఇంటికి రండి" అంది.